శివశంకర్ వంతు

గంజాయి సంచితో రైల్లో దొరికిపోయిన శివశంకర్ మూడేళ్ళ శిక్ష ముగించుకుని బయటికొచ్చాడు. జైల్లో కౌన్సెలింగ్ చేసే ఆవిడ వాడి అన్న పోలేరయ్యను పక్కకు పిలిచింది. "వెంటనే పనిలో పెట్టండి. ఖాళీగా ఉంటే పాతవాళ్ళు వెతుక్కుంటూ వస్తారు" అంది. పోలేరయ్య బుద్ధిగా తల ఊపాడు. తల ఊపడంలో ఆయన్ను మించినవాడు లేడు.

పులికాట్ ఒడ్డునున్న ఆ ఊళ్ళో పని అంటే సరస్సే. ఎవరు ఏ రోజు, ఎక్కడ వల వేయాలో ఏటా చీటీలు తీసి నలుగురు పెద్దలు తేలుస్తారు. చీటీలో పేరు లేనివాడు నీళ్ళలో వల ముంచకూడదు. ఆ నలుగురిలో పోలేరయ్య ఒకడు.

చీటీలు రాసే పొద్దున పెద్దల్లో పెద్ద గంగులయ్య గొంతు సవరించుకున్నాడు.

"జైలుకు పోయొచ్చినోడి పేరు ఒక ఏడాది ఆపుదాం. మిగతా పిల్లకాయలకు భయముంటది. ఏమంటావు పోలేరయ్యా?"

అందరూ ఆయన వైపే చూశారు. నోరు తెరిస్తే తమ్ముడి కోసం పెద్దరికం అమ్ముకున్నాడంటారు. ఆ మాట పడటం కంటే చావు నయం అనిపించింది ఆయనకు. "మీ ఇష్టమే నా ఇష్టం" అన్నాడు.

గుంపు వెనక నిలబడ్డ శివశంకర్ అంతా విన్నాడు. ఇంటికొచ్చాక పోలేరయ్య, "ఏడాది ఎంతలో పోతదిరా, అన్నం నేను పెడతా" అన్నాడు.

"అన్నం జైల్లోనూ పెట్టినారన్నా."

వారం రోజులు వాడు వాకిట్లో కూర్చుని చిరగని వలను విప్పి మళ్ళీ అల్లాడు. ఎనిమిదో రోజు మోటార్ సైకిల్ మీద ఎవరో వచ్చి పలకరించిపోయారు. పదో రోజు సూళ్లూరుపేటలో మద్రాసు రైలెక్కబోతుండగా వాణ్ణి పోలీసులు గంజాయి సంచితో సహా పట్టుకున్నారు.

కబురు తెలిసి గంగులయ్య వచ్చాడు. పాపం, నిజంగానే బాధపడ్డాడు. "నువ్వొక్క మాట అడగతావని చూసినాం పోలేరయ్యా. అడిగుంటే కాదనేవాళ్ళమా? సొంత అన్నే అడక్కపోతే మేమెట్ట ఇస్తాం?"

పోలేరయ్యకు అప్పుడు తెలిసింది, తమ్ముణ్ణి చేతులారా తానే అప్పగించాడని.

పోలీస్ స్టేషన్‌లో, రెండోసారి కాబట్టి శిక్ష గట్టిగానే పడుతుందని చెప్పారు. శివశంకర్ బెయిలు ఊసే ఎత్తలేదు. ఒక్కటే అడిగాడు.

"నువ్వు అడిగుంటే నా పేరు రాసుండేవాళ్ళా అన్నా?"

పోలేరయ్య గోడవైపు చూశాడు.

"లేదురా. కాళ్ళు పట్టుకున్నా రాసేవాళ్ళు కాదు."

"నేనూ అదే అనుకున్నా. నీ తప్పేం లేదులేన్నా" అన్నాడు శివశంకర్. పొద్దెక్కింది, ఇంటికి పోయి అన్నం తినమని అన్నను వాడే సాగనంపాడు.