వేకువ అనే పేరు

షట్టరు కింది సందులోంచి సన్నటి వెలుగు.

ముందు బూడిద రంగు... ఆ తర్వాత లేత పసుపు. వెన్న వాసనలో, వేడి పంచదార వాసనలో అది నేల మీద మెల్లగా పాకుతుంది.

దాన్ని చూశాకే ఆమె పని మొదలుపెడుతుంది. చేతులు కడుక్కుని, కళ్లు మూసుకుని, దేవుడితో రెండు మాటలు చెప్పుకుని, అప్పుడు క్రీము కోను అందుకుంటుంది.

కేకుల మీద పేర్లు రాయడం ఆమె పని.

పేర్లకీ కాలాలుంటాయి. ఒక ఏడాదంతా పువ్వుల పేర్లు. మరో ఏడాది నదుల పేర్లు. ఎవరి నోట మొదలవుతాయో, ఎలా ఊరంతా పాకుతాయో ఎవరికీ తెలియదు.

ఒక్క పేరు మాత్రం ఎక్కడ పుట్టిందో ఆమెకు తెలుసు.

ఇక్కడే. ఈ సందు వెలుగులో. పెళ్లయిన మూడో ఏట, ఇలాగే కళ్లు మూసుకుని ఉండగా...

వేకువ.

ఎవరో చెవిలో చెప్పినట్టు. కూతురు పుడితే ఇదే పేరు అనుకుంది. కొంగున ముడేసుకున్నట్టు దాచుకుంది.

కూతురు పుట్టలేదు. ఐదేళ్లు... పదేళ్లు...

ఆ పేరు ఒక్కరికే చెప్పింది. చెల్లెలికి. పిండి కలుపుతూ, నవ్వుతూ. చెల్లెలు విన్నట్టూ విననట్టూ తల ఊపింది.

విన్నది.

ఆస్పత్రి గదిలో పొత్తిళ్లు తెరిచి, "వేకువ అని పెట్టామక్కా... బాగుందా?" అంది.

చెల్లెలి కళ్లలో మోసం లేదు. అదే మండింది ఆమెకు. దొంగలా తల దించుకుని ఉంటే కసితీరా తిట్టేది.

"బాగుంది," అంది.

ఆ పేరు పిల్ల కంటే ముందే నడక నేర్చింది. ఆస్పత్రి నర్సు తన మనవరాలికి పెట్టుకుంది. నర్సు పక్కింటివాళ్లు విన్నారు. ఆ తర్వాత దర్జీ కూతురు. బస్సు డ్రైవరు కవలల్లో ఒకతి. మొదటి ఏడు ఒక్క కేకు. రెండో ఏడు నాలుగు. ఆపైన లెక్క మానేసింది.

"ఆ పేరుకి అచ్చొకటి చేయించుకోరాదూ తల్లీ, చెయ్యి అరిగిపోతోంది!" అని ఓనరు పరాచికం.

"మీ చెల్లెలు భలే పేరు కనిపెట్టిందండీ!" అని కొనేవాళ్ల మెప్పు.

ఆమె నవ్వేది. కోను కాస్త గట్టిగా నొక్కేది. మొదటి అక్షరం లావెక్కేది.

దేవుణ్ణి అడిగేది. నాకోసమే ఇచ్చావా స్వామీ? లేక నా నోటి మీదుగా ఊరికి పంపావా? ఊరికే అయితే... నా చెవిలో ఎందుకు చెప్పావు?

వెలుగు మాత్రం రోజూ వచ్చింది.

ఈరోజు చెల్లెలి కూతురికి ఐదు నిండాయి. అదే పేరుతో ఇంకో రెండు కేకులు కూడా ఉన్నాయి. ముందు ఆ రెండూ రాసింది. తమవాళ్లది ఆఖర్న రాద్దామని పక్కన పెట్టింది. ఎప్పుడూ అంతే, ఆ కేకు దగ్గరికొచ్చేసరికి ఆమె నాన్చుతుంది. ఆ నాన్చుడులో మరిచిపోయి పెట్టె మూసేసింది.

సగం ఎత్తిన షట్టరు కింద నుంచి వంగి చెల్లెలు వచ్చింది. మూత తీసింది.

"ఏంటక్కా ఇది! ఊళ్లో పిల్లలందరికీ రాశావు, నీ పిల్లకేమో బోడిగుండా?"

నీ పిల్ల.

"మర్చిపోయానే. ఇలా తే, రాసిస్తా."

"ఆగాగు, మంచిదే అయింది." చెల్లెలు బల్ల మీద మోచేతులు ఆన్చింది. "బడిలో చేర్పిద్దామని వెళ్లానా... ఒక్క క్లాసులోనే నలుగురు వేకువలట! టీచరు ఒకటే నవ్వు. నాకు ఒళ్లు మండిపోయిందనుకో. మన పేరక్కా అది! అందరూ ఎత్తుకుపోయారు."

ఆమె లోపల ఏదో చల్లబడింది. తియ్యగా... ఐదేళ్ల మంట మీద ఎవరో నీళ్లు చల్లినట్టు.

ఆ తియ్యదనానికి వెంటనే సిగ్గేసింది.

"పేరు మార్చేద్దామంటున్నారు మీ మరిది. బడిలో రాయించేలోపే. నువ్వే చెప్పక్కా, ఎవరికీ లేనిది. ఎప్పుడో ఒకటి అనుకునే ఉంటావుగా?"

చెల్లెలికి గుర్తు లేదు. నిజంగానే లేదు.

అడగొచ్చు. ఆ మొదటి పేరు ఎవరిదే అని. అడిగితే చెల్లెలు ఏడుస్తుంది. ఏడ్చినా ఆ పేరు తిరిగి రాదు.

కానీ... ఇంకో పేరు ఉంది.

పోయిన నెలలో వచ్చింది. ఇదే వెలుగులో. ఇంకా ఎవరికీ చెప్పలేదు. భర్తకు కూడా. నలభై దాటాయి, అందరూ అడగడం మానేశారు, అయినా దాచుకుంది. అది ఇచ్చేస్తే, ఇక ఎదురు చూడనని దేవుడితో చెప్పినట్టే.

షట్టరు కింద ఒక చిన్న ముఖం తలకిందులుగా తొంగి చూసింది.

"పెద్దమ్మా, నా కేకేదీ?"

"చెప్పక్కా," అంది చెల్లెలు.

ఆమె కోను ఎత్తింది. తెల్లటి కేకు. కోను కొసన క్రీము చుక్క ఉబ్బింది... ఇంకా ఏ అక్షరమూ కాలేదు.

వెలుగు లోపలికి వచ్చి, ఆమె మోకాళ్ల దగ్గర ఆగింది.