రెండుసార్లు పడ్డ వాక్యం

ప్రెస్సులో అందరూ ఆమెను ప్రూఫులక్క అనేవారు. అచ్చుకు వెళ్ళబోయే ఏ పుస్తకమైనా ముందు ఆమె ఎర్ర పెన్ను దాటి వెళ్ళాల్సిందే. ఆ పనిలో ఒక నియమం ఉంది. కథలో పడకూడదు. పడ్డామా, కళ్ళు పరుగెడతాయి, తప్పులు జారిపోతాయి. అందుకే అక్క ఏ పుస్తకాన్నీ చదవదు, వెతుకుతుంది. హంతకుడెవరో తెలియకుండానే డజన్లకొద్దీ డిటెక్టివ్ నవలలు దిద్దిపారేసిన ఘనురాలు మరి.

అలాంటి మనిషి, వ్యక్తిత్వ రుగ్మతల మీద ఒక డాక్టరమ్మ రాసిన పుస్తకం చేతికొచ్చాక దారి తప్పింది. మొదటి అధ్యాయం మామూలుగానే దిద్దింది. రెండో అధ్యాయంలో పక్కింటాయన ఎదురుపడ్డాడు. ఎవరేం చేసినా తనను ముంచడానికే అనుకునే అనుమాన వ్యక్తిత్వం అట! ఆయన చెత్తడబ్బాకు కూడా తాళం వేస్తాడు. ఇంకేముంది, అక్క పెన్ను పక్కన పెట్టి చదవడం మొదలుపెట్టింది. అందరి కళ్ళూ తనమీదే ఉండాలనే నాటకీయ వ్యక్తిత్వం దగ్గర అత్తగారు, తనను మించినవాడు లేడనే ఆత్మమోహం దగ్గర ప్రెస్సు యజమాని తగిలారు. అన్నీ తన పద్ధతిలోనే జరగాలనే చోట సాక్షాత్తూ మొగుడే. తువ్వాలు మడతలో అంచులు కలవకపోతే ఆయనకు అన్నం సయించదు. పుస్తకం నిండా చుట్టాలే!

ఇంతవరకూ ఎవరికీ నష్టం లేదు. చెల్లెలు గడియారాలు బాగుచేసే అతన్ని చేసుకుంటానన్నప్పుడు వచ్చింది చిక్కు. అమ్మానాన్నలు లేని పిల్లను అక్కే పెంచింది. "నువ్వు సరేనంటేనే అక్కా, లేకపోతే లేదు" అంది చెల్లెలు. మాటవరసకు అన్నది కాదు, అన్నంత పనీ చేసే పిల్ల.

అతను ఆదివారం టీకి వచ్చాడు. కుర్చీ అంచున కూర్చుని అక్క అడిగిన ప్రతిదానికీ "అవునండీ", "లేదండీ" అన్నాడు. సినిమాలు చూస్తారా అంటే చూస్తానన్నాడు. ఎలాంటివంటే చెల్లెలి వైపు చూసి, "మామూలువండీ" అన్నాడు. వెళ్ళేటప్పుడు గోడ గడియారానికి తప్ప ఎవరి మొహం వైపూ సరిగ్గా చూడలేదు.

"మంచివాడే కావచ్చు. కానీ ఇతను మూడో అధ్యాయమే. ఒంటరి వ్యక్తిత్వం. ఇలాంటివాళ్ళకి ఎవరూ అక్కర్లేదు. నేను సరే అనలేను" అంది అక్క.

"ఒక్క కప్పు టీకే తేల్చేశావా?"

"నేను కాదు, పుస్తకం తేల్చింది."

"మరి నేను ఏ అధ్యాయం?"

అక్క నోరు ఊరుకోలేదు. "పరాధీనం. నన్నడక్కుండా చెప్పులు కూడా కొనవుగా."

చెల్లెలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "సరే. రేపు సాయంత్రం అతని కొట్టుకెళ్ళి కుదరదని చెప్పేస్తాలే" అని లోపలికెళ్ళి తలుపేసుకుంది.

మర్నాడు ప్రూఫులు చూసుకోవడానికి డాక్టరమ్మ ప్రెస్సుకొచ్చింది. అక్క ఉండబట్టలేక అడిగేసింది. "ఒంటరి వ్యక్తిత్వం ఉన్నవాడికి పిల్లనివ్వచ్చాండీ?"

"ఉందని ఎవరన్నారు?"

"నేనేనండీ. నిన్న టీకొచ్చినప్పుడు చూశా."

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి, కళ్ళు తుడుచుకుని మరీ నవ్వింది. "కాస్త అనుమానం, కాస్త బిడియం, కాస్త గొప్పలు మనందరిలోనూ ఉంటాయమ్మా. అవి మనిషిని ఏళ్ళ తరబడి, ఎక్కడికెళ్ళినా వదలకుండా పట్టుకుని, అతన్నో చుట్టూ ఉన్నవాళ్ళనో బాధపెడుతుంటేనే రుగ్మత. అది తేల్చడానికి నేనే ఎన్నోసార్లు కూర్చుని మాట్లాడాలి. తేలినా అదేం శాపం కాదు. సాయం దొరికి కుదుటపడ్డవాళ్ళు, కాపురాలు చేసుకుంటున్నవాళ్ళు బోలెడుమంది. ఇదంతా మొదటి అధ్యాయంలోనే ఒక్క వాక్యంలో చెప్పాగా! ఆ వాక్యం పొరపాటున రెండుసార్లు పడితే ఒకటి కొట్టేసింది మీరే."

ఆమె తీసిన పేజీలో ఆ ఎర్రగీత అక్కదే. రెండూ ఒకటేనా కాదా అని అక్షరం పక్కన అక్షరం పెట్టి చూసిన గుర్తుంది. రెండుసార్లు చూసిన వాక్యంలో ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. అక్కకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. అంతలో, చెల్లెలు సాయంత్రం కొట్టుకెళ్తానన్న సంగతి గుర్తొచ్చింది. ఎర్ర పెన్ను కొప్పులో ఉండగానే పరుగందుకుంది.

చెల్లెలు గడియారాల కొట్టు ఎదురుగా, రోడ్డుకు ఇవతలే నిలబడి ఉంది. కాళ్ళు కదిలితేగా! అక్క ఆమె చెయ్యి పట్టుకుని కొట్టులోకి లాక్కెళ్ళింది.

"నిన్న ఎందుకు బాబూ నోరు విప్పలేదు?"

అతను చెల్లెలి వైపు చూశాడు. చెల్లెలు నేల చూపులు చూసింది.

"తనే చెప్పిందండీ. మా అక్క ఎంత చిన్న తప్పున్నా పట్టేస్తుంది, తక్కువ మాట్లాడితే మంచిదని."

అక్క గుండె కలుక్కుమంది. తను పెంచిన పిల్లే తనకు ఇంత భయపడుతోందా! మరుక్షణం ఎక్కడలేని నవ్వూ వచ్చింది.

"ఇప్పుడు మాట్లాడు. దిద్దనులే."

అనడమే ఆలస్యం. గొంతు పోయిన కోకిల గడియారం సంగతి, ఆగిపోయిన గడియారాన్ని బాగుచేయొద్దని బతిమాలిన ముసలాయన సంగతి, నిన్న వాళ్ళింట్లో గోడ గడియారం కాస్త ఒరిగి ఉంటే లేచి సర్దలేక తను పడ్డ నరకం, ఒకటా రెండా! మధ్యమధ్య తన మాటలకు తనే పడీపడీ నవ్వాడు. అక్క చెయ్యి అలవాటుగా కొప్పు దాకా వెళ్ళి పెన్ను తియ్యకుండానే తిరిగొచ్చింది.

"సరే, చేసుకోండి" అంది అక్క. అతను స్ప్రింగుల గొడవలో ఉండి వినిపించుకోలేదు. రెండోసారి గట్టిగా చెప్పాల్సి వచ్చింది. అప్పుడు ఆగి, "వదినగారూ!" అని చేతులు జోడించాడు.

దారిలో అక్క చెల్లెల్ని మోచేత్తో పొడిచింది. "ఇంత వాగుడుకాయ అని ముందే చెప్పి చావొచ్చుగా!"

"చెబితే ఇంకో అధ్యాయంలో వేసేదానివి" అంది చెల్లెలు.