పోతే ఒకటి, వస్తే రెండు

హుసేనప్ప "అన్నం పొద్దయింది" అన్నా, తోటి కూలీలు ఫోనులో టైము చూసుకునేదాకా సద్దిమూట విప్పరు. వల్లూరు సోలార్ ప్లాంటులో పలకలు కడిగే అందరి దగ్గరా, తమాషాలాడే అతని మాటకు విలువ అంతే. ఎదురు ప్రశ్న లేకుండా నమ్మే మనిషి ఒక్కతే, అక్క పీరమ్మ.

పీరమ్మకు ఉమ్రాకు, మక్కా యాత్రకు, పోయే యోగం పట్టింది. తప్పులు జరగకుండా, యాత్రికులను వెంట తీసుకుపోయే మతగురువు హజ్రత్ పావగడ మసీదులో పాఠం పెట్టాడు. ఆ రోజు మోకాళ్లు పట్టేయడంతో పీరమ్మ పోలేక తమ్ముణ్ణి పంపింది.

"ఒక్క తప్పు కూడా పడరాదు ఉసేనా. ఇంగోసారి పోయేంత ఆయుస్సు లేదు నాకు."

అతను చెవులారా విన్నాడు. ఇహ్రాం దీక్షలో అత్తరు పూసుకోరాదు, గోళ్లు తీయరాదు, అంతా ముగిసేదాకా జుట్టు కత్తిరించరాదు. సఫా గుట్ట నుంచి మర్వా గుట్టకు పోతే ఒకటి, తిరిగి వస్తే రెండు. అట్లా ఏడు. చాలామంది పోయి రావడాన్ని ఒకటిగా లెక్కపెట్టి పద్నాలుగు తిరుగుతారని హజ్రత్ రెండుసార్లు హెచ్చరించాడు.

ఆ మాటకే హుసేనప్ప నాలుక దురద పెట్టింది. ప్లాంటులో పోతూ తడిబ్రష్షు వేస్తారు, వస్తూ వైపరు లాగుతారు. పోయి వస్తేనే ఒక లైను. పీరమ్మ కూడా అక్కడ రెండేళ్లు లైన్లు కడిగిన మనిషే. ఆదివారం ఆమెను పలకల వరసల మధ్య నడిపించి అలవాటు చేయించాడు.

"పోయి వస్తే ఒకటి కదప్పా?"

"అంతే అక్కా. మన లైను మాదిరే."

పక్కనున్న ఈరేశ్ నవ్వాడు. "వాన్ని నమ్మొద్దు పీరక్కా."

"నా చంకన పెరిగినోడు. ఊరందరితో ఆటలాడతాడు గానీ నాకాడ ఆడడులే."

బయలుదేరే రోజు అసలు సంగతి చెప్పి నవ్విద్దామనుకున్నాడు. ఆ రోజు వ్యాను గంట ముందే వచ్చి వెళ్లిపోయింది. ఫోను చేస్తే వ్యానులో గోల, ఏమీ వినపడలేదు. హజ్రత్ వెంట ఉన్నాడు, ఆయనే చెబుతాడులే అని వదిలేశాడు.

నాలుగో రోజు పొద్దున బ్రష్షు చేతిలో ఉండగానే హజ్రత్ వీడియో కాల్ చేశాడు.

"మీ అక్క పడిపోయింది. ఆస్పత్రిలో ఉండాము. తుంటెముక విరిగిందంట. ఏడుకే అయిపోయిందమ్మా అని చెప్పినా వినలే. మా తమ్ముడు పాఠానికి పోయొచ్చినాడు, వానికి తెలుసు అంటాది. ఎనిమిది తిరిగి, ఇంగా పోతా పడిపోయింది. జుట్టు కొన ఇంత కత్తిరిస్తే ఉమ్రా ముగిసినట్టే. కత్తెర తాకనీయడం లేదు. నువ్వన్నా చెప్పప్పా."

తెర మీద అక్క ముఖం కనిపించింది. పెదాలు ఎండి ఉన్నాయి.

"అక్కా, హజ్రత్ చెప్పేది నిజం. తమాషాకని నేనే తప్పు చెప్పినా. నీది అయిపోయింది. కత్తిరించుకో."

తమ్ముడి కన్నీళ్లు చూసి పీరమ్మ సన్నగా నవ్వింది. "ఏడుస్తా కూడా ఆటలేనా నీకు. నేను కుములుతానని ఊరడిస్తాండావు."

"అల్లా మీద ఒట్టక్కా."

"ఒట్టు పెట్టొద్దు. నాకోసరం పాపం మూటగట్టుకోవద్దు." ఆమె దుప్పటి కింది కాళ్లకేసి చూసుకుంది. "ఆపరేషన్ అంటాండారు. మళ్లా నడిచేది అనుమానమంట. నాలుగు అయినాయి ఉసేనా, ఇంగ మూడే. అల్లా ఇంటిదాకా పిలిపించుకోని, ఆ మూటికి కాళ్లు ఇయ్యలేదు."

"ఏడు దాటింది అక్కా. పోతే ఒకటి, వస్తే రెండు."

"పోనీలే. ఎప్పుడన్నా నువ్వొస్తే ఆ మూడూ నా పేరున తిరుగు."

తిరుగుతానంటే తన అబద్ధమే నిజమై నిలుస్తుంది. తిరగనంటే ఆ ఒక్క ఆశా పోతుంది.

అవతల హజ్రత్ పిలిచిన నర్సు కత్తెర పట్టుకుని మంచం దగ్గరికి వచ్చింది. పీరమ్మ తల మీది తెల్లగుడ్డను రెండు చేతులా అదిమి పట్టుకుని, ముఖం గోడవైపు తిప్పుకుంది.