ఉత్తరానికి పోయే తెప్ప

వానలకు ఏరు నిండింది గానీ సముద్రంలో కలవడానికి దానికి దారి లేదు. మొగ, అదే ఏటి నోరు, పూడిపోయింది. ఏటా ఇదే తంతు. దక్షిణపు గాలి పట్టిందంటే కెరటాలు ఏటవాలుగా వచ్చి ఒడ్డును గీరతాయి. గీరిన ఇసుకను కాస్త ఉత్తరంగా పారేస్తాయి. మళ్ళీ గీరడం, మళ్ళీ పారేయడం. అలా నడిచి నడిచి ఆ ఇసుక ఏటి నోటికి అడ్డంగా పడుకుంటుంది. దక్షిణాన జారిపోయిన వల బెండును ఉత్తరాన వెతుక్కోవాలని ఆ పల్లెలో పాలు మానని పిల్లకు కూడా తెలుసు.

మొగ ఎక్కడ తవ్వాలో చెప్పేది గంగమ్మ తల్లి. చెప్పించేది జగ్గన్న. అది వాళ్ళ ఇంటి హక్కు. అరటి బోదె తెప్ప మీద దీపం పెట్టి ఏట్లో వదులుతాడు. అది వెళ్ళి ఇసుక దిబ్బకు ఎక్కడ తగిలితే అక్కడ తొలి పార వేస్తాడు. ఆ తర్వాతే ఊరంతా తట్టలు పట్టాలి.

ఇందులో ఒక చిక్కు ఉంది. ఇసుకను తోసే గాలే తెప్పనూ తోస్తుంది. అందుకే తెప్ప ఏటికేడు మరి కాస్త ఉత్తరానే తగులుతోంది. మొగ తెరిచిన చోట ఏటి జోరు, సముద్రం జోరు కలిసి ఆ పక్క ఒడ్డును కోసేస్తాయి. ఉత్తరం కొసన ఇళ్ళు ఒక్కొక్కటే పోయాయి. ఇప్పుడు కొసన మిగిలింది జగ్గన్న కూతురు పావని ఇల్లు. అల్లుడు దిలీప్ కేరళ బోట్ల మీద రెక్కలు అరగదీసి కట్టిన ఇల్లు.

అందుకని ఈ ఏడు జగ్గన్న తెప్ప అడుగున, నీళ్ళలో వేలాడేలా, ఒక సీసపు వల గుండు కట్టాడు.

తెప్ప నాలుగు బారలు పోయింది, గుండు నేలను పట్టింది. దక్షిణం వైపే దిబ్బకు ఆనుకుని ఆగిపోయింది.

"ఏటి మావా, అమ్మోరికి ఈయేడు కాళ్ళు నొప్పులేటి? ఇక్కడే కూకుండిపోనాది!" అన్నాడు పల్లపు వీధి కూర్మారావు.

వాడి తల్లి కాసమ్మ వెనక నుంచి అందుకుంది. "నోర్ముయ్‌రా సచ్చినోడా! నీకు సెప్పి తిరగాలేటి అమ్మోరు?"

అందరూ నవ్వారు. జగ్గన్న కూడా నవ్వాడు. తొలి పార మాత్రం గబగబా వేసేశాడు.

తవ్వారు. పొద్దు గూకేదాకా తవ్వారు. దక్షిణాన దిబ్బ వెడల్పు. అంత పొడుగు కాలవలో నీళ్ళు మూలుగుతూ నడిచాయి. నిదానపు నీరు ఇసుకను మోయలేదు, తను మోసుకొచ్చింది కూడా అక్కడే దించేసుకుంటుంది. పోటు వచ్చింది. మిగతాది సముద్రం పూడ్చేసింది. తెల్లారి చూస్తే తవ్విన ఆనవాలు లేదు. పైన కొండల్లో మళ్ళీ వాన పడింది. ఏరు ఉబ్బి, పల్లపు వీధిలో గడపలు దాటింది.

మధ్యాహ్నానికి కూర్మారావు ఇంటి మట్టిగోడ నాని, మంచం మీదున్న కాసమ్మ కాళ్ళ మీద కూలింది.

ఆమెను ఎత్తి బరంపురం ఆసుపత్రికి ఆటో ఎక్కించారు. "ధీరే మౌసీ, ధీరే" అంటూ, మెల్లగా పిన్నీ అని తన భాషలో చెబుతున్నాడు ఒడియా ఆటోవాడు. కాసమ్మ జగ్గన్న చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"జగ్గా, అమ్మోరు మా ఈదినెందుకొగ్గీసిందిరా? పోయినేడు కోడిపుంజు మొక్కుకున్నాను, ఇవ్వనేదు. దానికేనంటావేటి?"

"కాదప్పా" అన్నాడు. ఆటో కదిలాక, బురద కాళ్ళతోనే కూతురింటికి నడిచాడు.

పావని గుమ్మంలో కూర్చుని ఉంది. కొంగు ముడి విప్పి, తాడు తెగిన సీసపు గుండును గడప మీద పెట్టింది.

"తట్ట మోస్తన్నప్పుడు తెప్ప తిరగబడుంటే సూసినాను. అమ్మోరికి గుండెందుకు కట్టీసినావు నాన్నా?"

"సూత్తా సూత్తా నీ ఇల్లు..."

"నా ఇల్లు కోసుకుపోతే నడిసి బయటికొస్తాను. కాసమ్మత్త ఇంక నడుస్తాదేటి?"

జగ్గన్న గుండును చేతిలోకి తీసుకున్నాడు. "అయితే నిన్ననే ఎందుకు సెప్పనేదే గుంటా?"

పావని మొహం తిప్పుకుంది. "నానూ ఆశ పడ్డాను."

మర్నాడు పొద్దున్నే ఊరంతా మళ్ళీ ఏటి ఒడ్డుకు చేరింది. ఈసారి హాస్యాలు లేవు. తెప్ప పావనే కట్టి తెచ్చింది. జగ్గన్న అందుకుంటూ అడుగున తడిమాడు. ఏమీ లేదు. తలెత్తి కూతురి ఇంటి వైపు చూశాడు. తలుపులు ఊడదీసి సరుగుడు చెట్టుకు ఆనించి ఉన్నాయి. మంచాలు, బిందెలు, దిలీప్ కొన్న టీవీ దుప్పటి కప్పుకుని ఇసుక మీద ఉన్నాయి.

"తెప్ప ఒగ్గకముందేనా?"

"ఎక్కడికెల్తాదో నీకు తెలీదేటి?"

వదిలాడు. దీపం ఒకసారి తల వంచి లేచింది. తెప్ప ఎక్కడా తడబడలేదు. గాలి చెప్పిన దారినే దిబ్బ వెంట జారిపోయి, కొసకు వెళ్ళి, పావని ఇంటికి ఎదురుగా ఆగింది.

జగ్గన్న కంటే ముందు కూర్మారావు అక్కడికి చేరాడు. రాత్రంతా ఆసుపత్రిలో కూర్చుని వచ్చిన మనిషి, కళ్ళు జేవురించి ఉన్నాయి. వంగి తెప్పను పైకెత్తాడు. అంతమంది చూస్తుండగా తిరగేసి, అడుగు భాగాన్ని అరచేత్తో రాశాడు.

"మొన్న దీని అడుగున తాడు ముక్క ఏలాడ్డం సూసినాను. ఈపాలి ఏటీ నేదు" అన్నాడు.

జగ్గన్న తల దించుకోలేదు, ఎత్తనూ లేదు.

"నానే కట్టినాను కూర్మా. మీ అమ్మతో సెప్పు, మొక్కు వల్ల కాదని."

కూర్మారావు ఇసుకలో దిగేసి ఉన్న పారను పీకి, కర్ర వైపు అతని చేతికి అందించాడు.

"నువ్వెల్లి సెప్పు. ముందు తవ్వు, ఈదిలో నీళ్ళున్నాయి."

జగ్గన్న పార వేశాడు. అక్కడ దిబ్బ పల్చన. కాలవ తెగిన వెంటనే ఏరు ఊపిరి వదిలినట్టు దూకింది. దాని జోరుకు ఇసుక అంచులు పెళ్ళలు పెళ్ళలుగా విరిగి పడుతున్నాయి. ముందు కుడివైపు, తర్వాత ఎడమవైపు, ఇంటి వైపు. పావని తట్ట కింద పెట్టి, సరుగుడు చెట్టుకు ఆనించిన తలుపును ఇంకొంచెం వెనక్కి లాగింది.