జగ్గారావు రాణి

భాలుబాసా బస్తీలో కూలీలు అద్దెకుండే గదిలో ఆదివారం మధ్యాహ్నాలు చదరంగం సాగేది. గెలుపెప్పుడూ కాంట్రాక్టు మేస్త్రీ జగ్గారావుదే. రెండో ఎత్తుకే రాణిని బయటికి దూకించి, నాలుగో ఎత్తుకి ఎదుటివాడి రాజుని కట్టేసేవాడు. ఆపైన ఓడినవాడి తలమీద పిడికిలితో ఒక్క గుద్దు గుద్దేవాడు. అతని కింద ఫ్యాక్టరీలో లోడింగు పనిచేసే అసిరయ్య ఆట నేర్చిన నెలలోనే ఆరు గుద్దులు తిన్నాడు. ఆరోసారి చెవిలోంచి రక్తం కారింది.

ఇంట్లో కూతురు సౌజన్య బోర్డు పరిచింది.

"డర్నా మత్, బయపడకు నాన్నా. రాణి ఒక్కతే వత్తాది. గుర్రంతో బంటుని కాసుకో. తరవాత రాణిని తరుము. అది పారిపోయినప్పుడల్లా నీది ఇంకోటి బయటికి తియ్యి."

మరుసటి ఆదివారం రాణి రానే వచ్చింది. అసిరయ్య బంటుని గుర్రంతో కాశాడు. రాణికి తోడుగా ఒంటె దిగితే, బంటుని ఒక గడి తోసి రాణిని తరిమాడు. అది వెనక్కి జరిగి మళ్లీ గురిపెట్టింది. రెండో గుర్రాన్ని అడ్డం వేశాడు.

"ఏట్రా, నేర్చీసినావేటి?" అంటూ జగ్గారావు రాణిని పక్కకి లాగాడు.

మొదటి గుర్రం దాని మీదికి ఎగిరింది. రాణి తప్పుకుంది. అసిరయ్య తన ఒంటెను తీసుకెళ్లి దాని ఎదుటే పెట్టాడు. జగ్గారావు నవ్వి ఒంటెని కొట్టేశాడు. మరుక్షణం గుర్రం రాజునీ రాణినీ ఒకేసారి పట్టింది.

"చెక్కు, మేస్త్రీగారూ."

రాజు జరిగాడు. అసిరయ్య రాణిని తీసి పక్కన పెట్టాడు.

జగ్గారావు లేపిన ఇనప స్టూలు వచ్చి అతని కనుబొమ మీద పడింది. రక్తం కళ్లలోకి దిగింది. స్టూలు రెండోసారి లేచేసరికి అసిరయ్య ఆ మణికట్టు దొరకబుచ్చుకుని బల్ల అంచుకేసి వంచాడు. ఎముక ఫట్మంది. జగ్గారావు పెడబొబ్బ పెట్టాడు. అయినా అసిరయ్య వంచుతూనే ఉన్నాడు. తోటి కూలీ మురళి వెనకనుంచి వాటేసుకుని లాగితే తప్ప వదల్లేదు.

ఆ రాత్రి ఆస్పత్రిలోనే గడిచింది. సోమవారం ఫ్యాక్టరీవాళ్లు గేటు పాసు లాగేసుకున్నారు. కనుబొమకి అయిదు కుట్లతో అసిరయ్య జుగ్సలాయి గోదాముల్లో పని వెతుక్కుని ఇంటికొచ్చాడు.

"గెలిచినావా, నాన్నా?" అంది సౌజన్య.

"ఆట మద్దిలోనే పోయిందమ్మా. ఆడి చెయ్యి ఇరిచీసేను." కాసేపు తన అరచేతుల కేసి చూసుకున్నాడు. "మురళి లాగకపోతే రెండోదీ ఇరిచీసుందును."