మడతక్క మడమలు

అలారం మోగగానే మడతక్క వెంటనే లేచేది కాదు. మంచం అంచున కూర్చుని ముందు తన కాళ్ళను బతిమాలుకునేది. "ఒక్క అడుగు వెయ్యండి, ఆ తర్వాత మీ ఇష్టం" అనేది. ఆ మొదటి అడుగే నరకం. మడమ నేలకు తగలగానే ఎవరో మేకు దిగ్గొట్టినట్టుండేది. గోడ పట్టుకుని వంటింటి దాకా వెళ్ళేసరికి నొప్పి కొంచెం దారికొచ్చేది. స్టవ్ వెలిగించి, నీళ్ళు పెట్టి, అప్పుడు ఊపిరి పీల్చుకునేది.

ఆమె భర్త టౌను బస్సు డ్రైవరు. రోజంతా సీటుకు అతుక్కుపోయి అతనికి నడుం పట్టేసేది.

"ఈ ఇంట్లో ఒకడికి కూర్చుని కూర్చుని నొప్పి, ఒకదానికి నిలబడి నిలబడి నొప్పి. ఇద్దరూ ఉద్యోగాలు మార్చుకుంటే నాకీ మూలుగులు తప్పుతాయి" అనేది అత్త.

అత్త ముప్పై ఏళ్ళు ఉత్తరాలు పంచి రిటైరైన మనిషి. కాళ్ళ గురించి ఆమె చెబితే డాక్టర్లు కూడా వినాలి. ఒకప్పుడు ఆమె మోకాళ్ళు కూడా మొరాయించాయి. అప్పుడు తనే పసుపు నూరి పట్టు వేసుకుంది. తెల్లారేసరికి ఆ నొప్పి పసుపు పచ్చటి అడుగులై గడప దాటి, వీధులన్నీ ఎక్కి, నూట పన్నెండు మెట్లున్న మిద్దింటి గుమ్మం ముందు ఆగింది. ఆ ఇంటివాళ్ళు మర్నాడే ఉత్తరాల పెట్టెను కింద గేటుకు మార్పించారు. అత్త చేత్తో పట్టు వేస్తే నొప్పి ఎక్కడినుంచి వచ్చిందో అక్కడికే నడిచి వెళ్తుందని వీధిలో అందరికీ తెలుసు. వడ్రంగి భుజం నొప్పికీ, బళ్ళో పాఠాలు చెప్పే పంతులమ్మ గొంతు నొప్పికీ ఆమె దగ్గరికే వచ్చేవారు.

కోడలు మాత్రం ఏడాదిగా పసుపు వద్దంటూ వస్తోంది. కారణం ఆమె పని. ఊరి చివర పెద్ద లాండ్రీలో, రెండు ఆస్పత్రులవీ ఆరు హోటళ్ళవీ దుప్పట్లు, దిండు గలీబులు ఇస్త్రీ చేసే పందొమ్మిది మంది ఆడవాళ్ళలో ఆమె ఒకతె. ఆమె మడత పెట్టిన దుప్పటి అంచులు గీత గీసినట్టు కలిసేవి. అందుకే అసలు పేరు పోయి మడతక్క మిగిలింది. లాండ్రీ గోడ మీద ఎర్రటి బోర్డు ఉంది: 'పసుపు, గ్రీజు, సిరా లోపలికి రాకూడదు.' తెల్లబట్ట మీద పసుపు పడితే ఏమవుతుందో మడతక్కకు ఎవరూ చెప్పక్కర్లేదు.

పదకొండేళ్ళుగా సిమెంటు నేల మీద, రోజుకు తొమ్మిది గంటలు, ఒకే బల్ల ముందు. డాక్టరు చూసి, "అరికాలి పొర వాచింది. కూర్చుని చేసే పని చూసుకోమ్మా" అన్నాడు. మాత్రలు రాశాడు. అవి వేసుకుంటే కాళ్ళు ఊరుకునేవి, కడుపు మండేది. ఆమె వెళ్ళి మేనేజరును ఒక స్టూలు అడిగింది.

మేనేజరు చెడ్డగా మాట్లాడే మనిషి కాదు. అదే అతనితో వచ్చిన చిక్కు. "నాదేముంది అక్కా, నువ్వు అడిగితే నేను కాదంటానా. పైవాళ్ళు ఒప్పుకోరు. కూర్చుంటే ఇస్త్రీపెట్టె మీద బరువు పడదంటారు" అన్నాడు, మెత్త వేసిన కుర్చీలో వెనక్కి వాలి. ఆ మెత్త గలీబు నెలకోసారి ఇస్త్రీ చేసేది మడతక్కే.

మళ్ళీ ఆర్నెల్లకు అడిగింది. అదే జవాబు. మూడోసారి పందొమ్మిది మందీ కలిసి అడిగారు. "పైకి రాశాను, చూద్దాం" అన్నాడు.

ఒకరోజు మధ్యాహ్నం ఆస్పత్రి దుప్పట్ల బుట్ట ఎత్తుకుని బల్ల వైపు వస్తుంటే ఆమె ఎడమ మడమ జివ్వున లాగింది. మోకాళ్ళ మీద కూలబడింది. బుట్ట మాత్రం వదల్లేదు, రెండు చేతులతో పైకెత్తి పట్టుకుంది. మేనేజరు గదిలోంచి పరుగున వచ్చాడు.

"దుప్పట్లు నేలకు తగల్లేదు కదా?" అన్నాడు.

మడతక్క అతని ముఖంలోకి చూసింది. అరికాలి మంట నెత్తికెక్కడం అంటే ఏమిటో ఆమెకు ఆ క్షణాన అక్షరాలా తెలిసింది. బుట్ట బల్ల మీద పెట్టి, మిగిలిన దుప్పట్లు ఒక్కటీ వదలకుండా పూర్తి చేసింది. సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులు విప్పకముందే, "నూరండి అత్తయ్యా" అంది.

అత్త పచ్చి పసుపు కొమ్ములు, అల్లం ముక్క రోట్లో వేసి మెత్తగా నూరింది. గరిటెలో నువ్వుల నూనె వెచ్చచేసి అందులో కలిపింది. కోడలి కాళ్ళను ముందు ఉప్పు వేసిన వేడినీళ్ళ బకెట్లో పెట్టించింది. నీళ్ళు చల్లారాక తుడిచి, బొటనవేలితో మడమ నుంచి వేళ్ళ దాకా పామి, పసుపు ముద్ద పట్టించి, వెచ్చచేసిన ఆముదం ఆకు మీద వేసి పాత గుడ్డతో కట్టింది.

"ఒక మాట చెప్తున్నా విను. పసుపు వాపు తీస్తుంది, నూనె బిగుతు వదిలిస్తుంది. అంతవరకే. రేపు మళ్ళీ తొమ్మిది గంటలు నిలబడితే మళ్ళీ మొదటికే వస్తుంది. కాలికి కావల్సిన అసలు మందు కూర్చోడం" అంది అత్త.

"అది కూడా తెచ్చుకుంటాను" అంది కోడలు.

పొద్దున లేచేసరికి పట్టీలు వదులయ్యాయి. నేల మీద పాదం పెట్టింది. మేకు లేదు. సూది ఉంది, అంతే. గడప దగ్గర్నుంచి పసుపు పచ్చటి పాదముద్రలు వరసగా వీధిలోకి వెళ్తున్నాయి. పాలవాడు సైకిలు పక్కకు తిప్పి వాటిని తొక్కకుండా పోయాడు. ఎదురింటావిడ వాకిలి ఊడుస్తూ, "నీకంటే ముందే బయల్దేరాయమ్మా, అరగంటయింది" అంది.

ముద్రలు బస్టాపు దాటి, వంతెన ఎక్కి దిగి, లాండ్రీ గేట్లోంచి దూరి, ఆమె బల్ల ముందు కాసేపు అటూ ఇటూ తిరిగి, తిన్నగా మేనేజరు గదిలోకి వెళ్ళి కుర్చీ ముందు ఆగాయి. కుర్చీ మీదున్న తెల్ల మెత్త మాత్రం మచ్చలేకుండా ఉంది.

మేనేజరు ఒంటికాలి మీద లేచాడు.

"బోర్డు చదవలేదా? ఈ మరకలు ఎవరు కడుగుతారు?"

"దుప్పట్లన్నీ తిరగేయండి సార్. ఒక్కదాని మీద చుక్క పసుపు కనబడినా నేను ఇప్పుడే వెళ్ళిపోతాను."

అతను నిజంగానే తిరగేశాడు. దొంతర్లకు దొంతర్లు. ఎక్కడా ఏమీ లేదు. నేల కడిగించాడు, బ్లీచింగు పోయించాడు. ముద్రలు ఇంకాస్త మెరిశాయి. ఎండ తగిలితే పసుపు వెలిసిపోతుందని లాండ్రీలో అందరికీ తెలుసు. కానీ ఆ గదికి కిటికీ లేదు.

"సరే. రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు" అన్నాడు.

"వస్తాను" అంది మడతక్క.

మర్నాడు వచ్చింది. ఆమె ఇస్త్రీపెట్టె తీసి బీరువాలో దాచి తాళం వేశారు. ఆమె బల్ల ముందు నిలబడి, పక్కవాళ్ళు ఇస్త్రీ చేసినవి మడతలు పెట్టసాగింది. కావలివాణ్ణి పిలిచి బయటికి పంపమన్నాడు మేనేజరు. కావలివాడు తల గోక్కుని, "నా మేనత్త చెయ్యి బాగుచేసింది వాళ్ళత్తే సార్. నాతో కాదు" అని గేటు దగ్గరికి వెళ్ళిపోయాడు. పక్క బల్ల మీదుండే పొడుగామె తన పెట్టె ప్లగ్గు పీకేసి, "అక్క పెట్టె ఇచ్చేదాకా నాదీ వేడెక్కదు" అంది. ఒకదాని వెనక ఒకటి పద్దెనిమిది పెట్టెలూ చల్లబడ్డాయి. ఆవిరి ఆగిపోయిన ఆ హాల్లో మొదటిసారి గడియారం టిక్కుమనడం వినిపించింది. గంట కాగానే బీరువా తాళం తెరుచుకుంది.

ఆ సాయంత్రం అత్త ఇంటి ముందు పద్దెనిమిది మంది ఆడవాళ్ళు, తలా నాలుగు పసుపు కొమ్ములు పట్టుకుని. అత్త అందర్నీ వరసగా కూర్చోబెట్టింది. బస్సు డ్రైవరు నడుం పట్టుకునే రోలు ముందు కూర్చుని నూరాడు. నీళ్ళు కాచడానికి వీధిలో ఉన్న బకెట్లన్నీ వచ్చాయి.

పొద్దున లాండ్రీ తెరిచేసరికి మేనేజరు గదిలో కాలు పెట్టడానికి చోటు లేదు. గోడ నుంచి గోడ దాకా పసుపు పాదాలు, రద్దీ బస్సులో మనుషుల్లా ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉన్నాయి. అతను లోపలికి అడుగు వెయ్యబోయాడు. గది నిండా జనం ఉన్నట్టు, ఎవరి భుజమో తగిలినట్టు వెనక్కి వచ్చేశాడు. ఫోను తీగ లాక్కుని, వరండాలో నిలబడే పని చేసుకున్నాడు. కుర్చీ అందుతుందేమోనని గుమ్మంలోంచి చీపురుకర్రతో లాగి చూశాడు. రాలేదు. అలా ఒకరోజు, రెండ్రోజులు, వారం. ఆడవాళ్ళు పని చేస్తూనే ఉన్నారు. వాళ్ళు అతన్ని చూడనట్టే ఉన్నారు, అతను వాళ్ళను చూడకుండా ఉండలేకపోయాడు.

తొమ్మిదో రోజు సాయంత్రం చీకటి పడకముందే అతను అత్త ఇంటికి వచ్చాడు. నిజంగా కాళ్ళ బేరానికే వచ్చాడు. చెప్పులు చేత్తో పట్టుకుని, మడమలు ఆనించకుండా మునివేళ్ళ మీద నడుస్తున్నాడు.

"అమ్మా, తట్టుకోలేకపోతున్నాను" అన్నాడు.

మడతక్క గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "తొమ్మిది రోజులకేనా సార్?"

అతను తలదించుకున్నాడు. "పైవాళ్ళు ఒప్పుకోకపోతే నేనేం చెయ్యను అక్కా."

"పక్కకు జరుగమ్మాయ్" అంది లోపల్నుంచి అత్త. "మందుకు మనవాళ్ళు, పైవాళ్ళు ఉండరు. ఆయన్ని కూర్చోనీ. వేస్తాను. నొప్పి ఎటు పోతుందో పొద్దున అందరం చూద్దాం."

ఆ చివరి మాటకు మేనేజరు ముఖం పాలిపోయింది. అయినా కూర్చున్నాడు. మడమ నొప్పికి పరువు తెలియదు.

పొద్దున పందొమ్మిది మందీ వంతెన దిగువన, రోడ్డు రెండుగా చీలేచోట నిలబడ్డారు. కుడివైపు వెళ్తే అతను చెప్పే పైవాళ్ళ ఇల్లు, అంటే లాండ్రీ యజమానురాలిది. ఎడమవైపు లాండ్రీ. పెద్ద పెద్ద పసుపు ముద్రలు, మగవాడివి, అతనుండే వీధి నుంచి ఒక్కొక్కటే రోడ్డు మీద పడుతూ వచ్చాయి. చీలిక దగ్గర ఆగాయి. పొడుగామె మడతక్క చెయ్యి గట్టిగా పట్టుకుంది. ముద్రలు కుడివైపుకు కన్నెత్తి కూడా చూడలేదు. ఎడమకు తిరిగి, గేటు దాటి, హాలు దాటి, అతని గదిలోకే వెళ్ళి, ఆడవాళ్ళ అడుగుల మధ్య ఇరుక్కుని నిలబడ్డాయి.

వెనకే కుంటుతూ వచ్చిన మేనేజరు అది చూశాడు. అందరూ అతన్ని చూశారు.

"మీరు పైకి రాయనే లేదు" అంది మడతక్క. గొంతు పెంచలేదు.

"ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే నన్నేమంటారోనని" అన్నాడు.

"పదకొండేళ్ళు నిలబడ్డాను" అంది ఆమె. "ఫోను వరండాలోనే ఉంది సార్. ఇప్పుడడగండి. మేమిక్కడే ఉంటాం."

అతను డయల్ చేశాడు. అవతల యజమానురాలు ఏదో పనిలో ఉన్నట్టుంది, రెండు మాటలే మాట్లాడింది. మేనేజరు రిసీవరు పెట్టి, "అక్కకు ఒకటి తెప్పించుకోమన్నారు" అన్నాడు.

"పందొమ్మిది" అంది మడతక్క.

అతను మళ్ళీ డయల్ చేశాడు.

స్టూళ్ళు శుక్రవారం వచ్చాయి. వీపు ఆనించుకోడానికి చిన్న చెక్క, కాలు పెట్టుకోడానికి కింద కమ్మీ ఉన్నవి. గదిలో ముద్రలు ఎప్పుడు వెలిసిపోయాయో ఎవరూ గమనించలేదు. మడతక్క తన స్టూలును బల్ల ఎత్తుకు సరిచేసుకుని కూర్చుంది. ఇస్త్రీపెట్టె మీద బరువు బాగానే పడుతోంది. బరువంతా భుజంలోనే ఉందని ఆమెకు ఎప్పుడో తెలుసు.

మధ్యాహ్నం గేటు దగ్గర లారీ హారన్ మోగింది. మేనేజరు హాల్లోకి తొంగిచూశాడు.

"అక్కా, ఆస్పత్రి లారీ వచ్చింది. కొంచెం లేవండి."

మడతక్క దిండు గలీబు మూలలు కలిపి, అంచు మీద పెట్టె నెమ్మదిగా నడిపించింది.

"ఇది అయ్యాక లేస్తాను" అంది.