దారిలో అక్క ఊరు

ఉడికిన గుడ్లకి పెంకు తీసి డబ్బాలో సర్దడంతో మొదలైంది ఆమె ప్రయాణం. అత్తగారి మాత్రలు నీలం సంచిలో, కూతురి స్వెట్టర్లు ఇంకోదాంట్లో, మొగుడికి ఫ్లాస్కు నిండా కాఫీ. ఇంటికి తాళంపెట్టి వచ్చేసరికి ముందు సీట్లో అత్తగారు, వెనక కూతురు, మిగతా చోటంతా సంచులు. వాటి మధ్యే ఒదిగి కూర్చుంది. “నీకేమమ్మా, ఎక్కడైనా ఇమిడిపోతావు,” అని అత్తగారు మెచ్చుకుంది కూడా.

ఆస్పత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేసే ఉద్యోగం ఆమెది. ఈ మూడు రోజుల సెలవు కోసం రెండు ఆదివారాలు డ్యూటీ చేసింది. కొండమీది చల్లగాలి కోసం కాదు. కొండ కింది ఊళ్ళో అక్క ఉంది. తల్లి పోయాక పదిహేడేళ్ళకే కుట్టుమిషన్ ముందు కూర్చుని చెల్లెల్ని చదివించిన అక్క. దాని పెళ్ళయ్యాక చూద్దాంలే అంటూ తన పెళ్ళి సంగతే మర్చిపోయిన అక్క. పక్షవాతంతో మంచాన పడి ఏడాదిన్నర. పక్కింటావిడే చూసుకుంటోంది.

“దారిలోదే కదా, ఆగకుండా ఎలా పోతాం?” అన్నాడు మొగుడు వారం కిందట. ఆ ఒక్క మాటకి పొంగిపోయి, రోజూ రాత్రి అతని కాళ్ళు కూడా పట్టింది.

కారు చాలాచోట్ల ఆగింది. అత్తగారికి నడుం పట్టేసిందని ఆగింది. జలపాతం దగ్గర కూతురి ఫొటోలకి ఆగింది. సిగరెట్టుకి రెండుసార్లు ఆగింది. తీరా అక్క ఊరి మొదటి ఇళ్ళు కనబడ్డాక అతను వాచీ చూసుకున్నాడు.

“ఇప్పటికే ఆలస్యమైంది. వచ్చేటప్పుడు చూద్దాంలే.”

“పోయిన వేసవిలోనూ ఇదే మాటన్నారు. వచ్చేటప్పుడు చీకటిపడిందని ఆగలేదు.”

“అబ్బా, మొదలుపెట్టకు. ఇప్పుడు ఆవిణ్ణి చూశావంటే మూడు రోజులూ ఏడుపుమొహం పెట్టుక్కూచుంటావు. మా సరదా ఏం కావాలి?”

ఆమె ఒళ్ళో సంచి సరిచేసుకుంది. నిజమే, ఈ ఇంట్లో తన ఏడుపుకి కూడా వేళ చూడాలి. తండ్రి పోయినప్పుడూ అంతే. కూతురి పరీక్షలని, మూడోరోజుకే వచ్చి వంటింట్లో నిలబడింది. ఉల్లిపాయలు తరిగేటప్పుడు ఏడిస్తే ఎవరూ ఏమీ అడగరని అప్పుడే నేర్చుకుంది. ఇన్నాళ్ళూ సర్దుకుపోవడం తన మంచితనమనుకుంది. కానీ తను సర్దుకున్న ప్రతిసారీ అక్కడ మంచంమీద అక్క కూడా సర్దుకోవాల్సి వచ్చింది. అక్కనెవరడిగారు?

ఊరి చివర పెట్రోలు బంకులో కారు ఆగింది. కారుకి దాహమేసినా ఆగుతుంది. ఆమె ఒళ్ళో సంచి పక్కన పెట్టి తలుపు తీసింది.

“ఎక్కడికి?” అన్నాడతను.

“అక్క దగ్గరికి. మీరు వెళ్ళండి.”

“పిచ్చా నీకు? అమ్మనెవరు చూసుకుంటారు?”

“మీరున్నారుగా,” అంది. కిందికి దిగింది.

“నా మాత్రలో?” అంది అత్తగారు.

“నీలం సంచిలో ఉన్నాయత్తయ్యా. అన్నం తిన్నాక ఒకటి.”

కూతురు మాత్రం తల్లి మర్చిపోయిన హ్యాండ్‌బ్యాగు కిటికీలోంచి అందించి, ఆమె వేళ్ళని ఒక్క క్షణం పట్టుకుని వదిలింది.

ఆటో దిగేసరికి పక్కింటావిడ గుమ్మంలోనే ఉంది. ఆమెని చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. “ఇప్పుడా రావడం, తల్లీ! మొన్నమొన్నటిదాకా కారు చప్పుడైతే చాలు, నువ్వేనేమో చూడమనేది. నెలరోజులుగా మనుషుల్ని పోల్చుకోవడం లేదు.”

లోపల అక్క సగమైపోయి ఉంది. మంచానికి ఒక పక్కకి ఒరిగి, రెండో పక్క ఖాళీగా వదిలి పడుకుంది. ఆమె వెళ్ళి ఆ ఖాళీలో కూర్చుని, ఎముకలు తేలిన ఆ చెయ్యి ఒళ్ళోకి తీసుకుంది.

అక్క కళ్ళు తెరిచింది. కొత్త మనిషిని చూసినట్టు మర్యాదగా చూసింది. ముద్దముద్దగా, కూడబలుక్కుంటూ అంది: “ఏమీ అనుకోకండి. అక్కడ కూర్చోవద్దు. అది మా చెల్లి చోటు. వస్తానంది.”

ఆమె మెల్లగా లేచి, నేలమీద, మంచం కోడుకి ఆనుకుని కూర్చుంది. కళ్ళు తుడుచుకోలేదు.

“రానివ్వక్కా,” అంది. “తను వచ్చేదాకా నేనుంటాను.”